మంచు అర్హత పరీక్ష, మార్కులు వానకే: ఒక ఎస్‌యూవీకి టైర్లు ఎంచిన కేస్ స్టడీ

వాహనం మధ్య తరహా ఎస్‌యూవీ. ఐదు సీట్లు, పెట్రోల్ ఇంజన్, ఖాళీ బరువు సుమారు 1,700 కిలోలు. మామూలుగా ముందు చక్రాలు లాగుతాయి, అవి జారినప్పుడు వెనక చక్రాలకూ శక్తి వెళ్తుంది. కంపెనీ నుంచి వచ్చిన టైరు సైజు 235/60 ఆర్18, లోడ్ సూచిక 103, వేగ సూచిక హెచ్. డ్రైవర్ తలుపు పక్కనున్న స్టిక్కర్ మీద నాలుగు టైర్లకూ 35 పీఎస్ఐ గాలి అని రాసి ఉంది. ఏడాదికి దాదాపు 16,000 కి.మీ. తిరుగుతుంది, అందులో ఎక్కువ భాగం హైవే మీదే. నాలుగైదు నెలలు వానలు పడతాయి. మంచు ఏడాదికి ఎనిమిది, పది రోజులు ఉంటుంది. పడిన మంచు ఒకటి రెండు రోజుల్లో కరిగిపోతుంది. వేసవిలో రోడ్డు బాగా కాగుతుంది.

ఫిర్యాదులు రెండు. వానలో గంటకు 90 కి.మీ. దగ్గర, నీళ్లు నిలిచిన చోట స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైపోతోంది. కిందటి చలికాలంలో మంచు పడ్డ ఎత్తు మీదికి బండి బాగానే ఎక్కింది కానీ, దిగేటప్పుడు అనుకున్న చోట ఆగలేదు. యజమాని అడిగింది ఒక్కటే: మంచుకు ఏ టైరు మంచిది?

ప్రశ్న సహజమే. మంచులో ఒక్కసారి జారితే ఆ భయం ఏళ్లతరబడి గుర్తుంటుంది. అయితే ఈ బండికి మంచు తగిలేది ఏడాదిలో పది రోజులు, తడి రోడ్డు తగిలేది వందకు పైగా రోజులు. పైగా తడి రోడ్డు మీద వేగం మంచు మీద వేగానికి రెట్టింపు కంటే ఎక్కువ. అందుకే ఈ కేసులో మంచును అర్హత పరీక్షగా పెట్టుకున్నాం. అది దాటిన టైర్లలోంచి చివరి ఎంపిక వానలో పనితీరును బట్టే చేశాం.

కొత్త టైర్ల మాట ఎత్తకముందు కొలిచినవి

మొదట గాలి. రాత్రంతా నిలిపి ఉంచిన బండికి పొద్దున్నే, అడుగు కూడా కదపకుండా చూశాం. ముందు రెండూ 28, 29. వెనక రెండూ 31, 30. డ్యాష్‌బోర్డు మీద గాలి హెచ్చరిక దీపం మాత్రం వెలగలేదు. ఇందులో సెన్సర్ తప్పేమీ లేదు. అమెరికా నిబంధన ప్రకారం ఆ దీపం స్టిక్కర్ చెప్పిన గాలి కంటే 25 శాతం తగ్గినప్పుడు వెలగాలి. చాలా వాహనాల్లో అమరిక ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. 35లో 25 శాతం తీసేస్తే 26 చిల్లర. అంటే 27 దగ్గర కూడా దీపం మౌనంగానే ఉండవచ్చు. దీపం వెలగలేదు కాబట్టి గాలి సరిపోయిందనుకోవడం టైర్ల విషయంలో మేం అన్నిటికంటే ఎక్కువగా చూసే పొరపాటు.

గాలి ఎందుకు తగ్గింది? పంక్చరు లేదు. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు తగ్గితే టైరులో సుమారు 1 పీఎస్ఐ పడిపోతుంది. 30 డిగ్రీల మధ్యాహ్నం సరిగ్గా 35 కొట్టించినా, 2 డిగ్రీల తెల్లవారుజామున అది 30 మాత్రమే చూపిస్తుంది. దీనికి తోడు రబ్బరులోంచి నెలనెలా మెల్లగా ఊరిపోయే గాలి ఉండనే ఉంది. రెండు మూడు నెలలు చూసుకోకపోతే 28కి చేరడం వింతేమీ కాదు.

ఈ 28కీ మొదటి ఫిర్యాదుకూ నేరుగా లంకె ఉంది. 1960ల్లో నాసా పరిశోధకులు విమాన టైర్ల మీద పరీక్షలు చేసి ఒక సూత్రం తేల్చారు: నిలిచిన నీటి మీద టైరు తేలిపోయే వేగం గాలి పీడనపు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. పీఎస్ఐ వర్గమూలాన్ని 16.7తో గుణిస్తే గంటకు కిలోమీటర్లలో సుమారు వేగం వస్తుంది. 35 పీఎస్ఐకి ఇది 99 కి.మీ. 28 పీఎస్ఐకి 88. కారు టైరుకు ఈ అంకెలు అక్షరాలా వర్తించవు. ట్రెడ్ (రోడ్డును ఆనే గాడుల పొర) లోతు, నీటి లోతు, టైరు వెడల్పు, రోడ్డు గరుకుదనం అన్నీ కలిసి ఆ వేగాన్ని పైకో కిందికో జరుపుతాయి. కానీ దిశ మాత్రం సరైనదే. గాలి తగ్గినప్పుడు టైరు మధ్యభాగం కొద్దిగా లోపలికి పోయి, అంచులు మాత్రమే గట్టిగా ఆనుతాయి. ఆ మధ్యలో చిక్కిన నీటికి బయటికి దారి ఉండదు. 90 దగ్గర స్టీరింగ్ తేలికైపోవడానికి సగం కారణం ఇక్కడే దొరికింది. టైరు ఏదైనా సరే, గాలి ఇలాగే వదిలేస్తే ఆ సగం తిరిగి వస్తుంది.

తర్వాత ట్రెడ్ లోతు. ఒక్కో టైరు మీద చుట్టూ మూడు చోట్ల, ప్రతి చోటా లోపలి గాడి, మధ్య గాడి, బయటి గాడి. మొత్తం తొమ్మిది కొలతలు. ఒక్కచోట గేజ్ పెట్టి చూసి వదిలేస్తే అసలు రోగం దొరకదు. వెనక టైర్లు 4.8 నుంచి 5 మి.మీ. వరకు సమంగా అరిగాయి. ముందు టైర్లు బయట 3.6, మధ్యలో 3.9, లోపలి అంచున 2.4. నిలబడి పైనుంచి చూసినవాళ్లకు కనిపించేది బయటి 3.6 మాత్రమే. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీసం 1.6 మి.మీ. కాబట్టి చట్టపరంగా టైరు పాసే. నిలిచిన నీళ్ల లెక్కలో మాత్రం ఎప్పుడో ఫెయిలైంది.

గాలి తక్కువైతే రెండు అంచులూ అరుగుతాయి. ఇక్కడ లోపలి అంచు ఒక్కటే ఎక్కువగా పోయింది. అంటే గాలితో పాటు అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల అమరిక, కూడా తప్పింది. అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా, ముందు లోపలి నుంచి బయటికి, తర్వాత బయటి నుంచి లోపలికి నిమిరితే ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపపు పళ్లలా తగిలింది. అది టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తప్పిందనడానికి గుర్తు. లిఫ్టు మీద ఎక్కించి చూస్తే ఒక ముందు కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే చెయ్యి) రబ్బరు బుష్ చీలి ఉంది. బుష్ మార్చకుండా టో ఒక్కటే సరిచేస్తే, బ్రేక్ వేసిన ప్రతిసారీ చక్రం మళ్లీ పక్కకు తిరుగుతుంది, కొత్త టైర్ల లోపలి అంచులు కూడా ఏడాదిలోనే పోతాయి. అందుకే బుష్ మార్పు, ఆపై అలైన్‌మెంట్, ఆ తర్వాతే టైర్లు అని వరుస పెట్టుకున్నాం.

చివరగా వయసు. టైరు పక్కభాగం మీద డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 3119 అంటే 2019లో 31వ వారం. ఈ బండి టైర్లకు ఆరేళ్లు దాటాయి. ట్రెడ్ బ్లాకుల అంచుల్లో సన్నటి పగుళ్లు మొదలయ్యాయి. గోటితో నొక్కితే రబ్బరు దిగడం లేదు. వెనక టైర్లకు ఇంకా లోతు ఉన్నా, గట్టిపడిన రబ్బరు చలిలో తడి రోడ్డును పట్టుకోదు. కాబట్టి రెండు కాదు, నాలుగూ మార్చాలన్నది ఇక్కడే తేలిపోయింది. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే బండిలో ముందు వెనక టైర్ల మధ్య 2 మి.మీ.కు మించిన తేడా ఉంటే, చక్రాల చుట్టుకొలతలు వేరై వెనక చక్రాలకు శక్తి పంపే కప్లింగ్ అనవసరంగా వేడెక్కుతుంది. ఇదీ ఆ నిర్ణయానికి ఇంకో కారణం.

మంచు గుర్తులు ఏం చెబుతాయి

పాత టైర్ల మీద ఎం ప్లస్ ఎస్ అని ఉంది, బురదకూ మంచుకూ పనికొస్తుందని దాని అర్థం. దాన్నే నమ్ముకుని చాలామంది మోసపోతారు. ఆ అక్షరాలు వేయడానికి మంచులో ఏ పరీక్షా పాసవ్వక్కర్లేదు. ట్రెడ్‌లో గాడుల ఆకృతి, ఖాళీ జాగా ఒక స్థాయిలో ఉంటే చాలు, తయారీదారే వేసుకోవచ్చు.

చూడాల్సింది మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు ఉన్న బొమ్మ. 1999లో ఉత్తర అమెరికాలో మొదలైన ఈ గుర్తు కావాలంటే, అణగిన మంచు మీద పరీక్షలో ప్రామాణిక టైరును 100 అనుకుంటే కొత్త టైరుకు కనీసం 110 రావాలన్నది మొదట పెట్టిన గీత. అంటే ఇది నిజంగా కొలిచి ఇచ్చిన గుర్తు. కానీ అక్కడి పరీక్ష కొలిచేది టైరు ముందుకు లాగే శక్తిని. మంచు మీద బ్రేక్ వేస్తే ఎంత దూరంలో ఆగుతుంది, మలుపులో ఎంత పట్టు ఉంటుంది, గట్టి ఐసు మీద ఎలా ఉంటుంది అన్నవి అందులో లేవు. ఐసు పట్టుకు యూరప్ లేబుల్‌లో వేరే గుర్తు ఉంది. ఈ కొండ గుర్తు కనీస అర్హత మాత్రమే. ఆ గుర్తున్న టైర్లన్నీ మంచులో ఒకేలా పనిచేస్తాయని అనుకోకూడదు.

యజమాని రెండో ఫిర్యాదుకు జవాబు కూడా ఇక్కడే ఉంది. బండి ఎత్తు ఎక్కడానికి నాలుగు చక్రాల లాగుడు సాయం చేసింది. దిగేటప్పుడు ఆ సాయం లేదు. ఏ బండికైనా బ్రేకులు నాలుగు చక్రాలకే ఉంటాయి. ఆపాల్సింది టైరూ, దాని కింద ఉన్న మంచూనే. లెక్క ఇలా ఉంటుంది. గంటకు 40 కి.మీ. వేగంలో, చదును రోడ్డు మీద, రాపిడి గుణకం (టైరుకూ రోడ్డుకూ మధ్య పట్టును చెప్పే అంకె) 0.3 అయితే బండి ఆగడానికి 21 మీటర్లు పడుతుంది. అదే 0.2 అయితే 31 మీటర్లు. అణగిన మంచు మీద మంచి టైరుకూ గట్టిపడిన పాత టైరుకూ మధ్య ఉండే తేడా సుమారు ఇంతే. పది మీటర్లంటే రెండు బండ్ల పొడవు. వాలు మీద ఈ తేడా ఇంకా పెరుగుతుంది. కంటికి ఆనని పలచటి నల్లటి ఐసు మీద గుణకం 0.1 దగ్గరికి పడిపోతే అదే వేగానికి 60 మీటర్లు దాటుతుంది. అక్కడ ఏడాదంతా వాడే ఏ ఆల్ సీజన్ టైరూ కాపాడలేదు.

వాన: లేబుల్ చెప్పేది సగమే

అమెరికన్ గ్రేడింగ్‌లో తడి పట్టుకు ఏఏ, ఏ, బి, సి అని నాలుగు మెట్లు. యూరప్ లేబుల్‌లో 2021 మే నుంచి ఏ నుంచి ఇ వరకు ఐదు మెట్లు. రెండూ చూడాల్సినవే. కానీ అమెరికన్ గ్రేడు చక్రం బిగుసుకుపోయి నేరుగా జారినప్పటి పట్టును మాత్రమే చెబుతుంది. మలుపు సంగతి అందులో లేదు. యూరప్ గ్రేడు తడి రోడ్డు మీద బ్రేకింగ్‌ను కొలుస్తుంది. టైరు నీటి మీద తేలిపోయే వేగాన్ని ఈ రెండూ కొలవవు. మన మొదటి ఫిర్యాదు సరిగ్గా దాని గురించే.

తడి రోడ్డు మీద రెండు వేర్వేరు పనులు జరుగుతున్నాయని గుర్తుపెట్టుకుంటే ఎంపిక తేలికవుతుంది. పలచటి తడి పొర ఉన్నప్పుడు పని రబ్బరుది. సిలికా ఎక్కువగా కలిపిన, చలిలో కూడా మెత్తగా ఉండే రబ్బరు రోడ్డు గరుకులోకి దిగి పట్టుకుంటుంది. లేబుల్ గ్రేడు దీన్ని బాగానే చూపిస్తుంది. నీళ్లు నిలిచి ఉన్నప్పుడు పని గాడులది. 3 మి.మీ. లోతు నీళ్లలో, రోడ్డును ఆనే వెడల్పు 200 మి.మీ. ఉన్న టైరు 90 కి.మీ. వేగంతో వెళ్తే సెకనుకు 15 లీటర్ల నీటిని పక్కకు తోయాలి. సెకనుకు ఒక బకెట్ చొప్పున. టైరు ఒక చోట రోడ్డుకు ఆనేది సెకనులో వందో వంతు కంటే తక్కువ సేపు. ఆ కాస్త వ్యవధిలో నీళ్లు పోవడానికి గాడుల్లో చోటుండాలి. కొత్త టైరులో 8 మి.మీ. లోతుండే గాడి 2.4కి అరిగితే ఆ చోటులో మూడో వంతు కూడా మిగలదు. పైగా అడ్డంగా ఉండే చిన్న గాడులు చాలా టైర్లలో పూర్తి లోతు వరకు ఉండవు. అవి ముందే మాయమవుతాయి. అందుకని కొత్తగా ఉన్నప్పుడు టైరు ఎలా ఉందో దానితో పాటు, సగం అరిగాక ఎలా ఉంటుందో కూడా చూడాలి.

అది ఎలా చూడాలి? షాపులో ఉన్న కొత్త టైరు మీదే సగం తెలుస్తుంది. డెప్త్ గేజ్ సూదిని పెద్ద నిలువు గాడిలో ఒకసారి, భుజం దగ్గరి అడ్డ గాడిలో ఒకసారి దించాలి. నిలువు గాడి 8, అడ్డ గాడి 4 చూపిస్తే, టైరు సగం అరిగేసరికి అడ్డ గాడులు ఉండవని అర్థం. నీళ్లకు పక్క దారి మూసుకుపోతుంది, మంచును పట్టే అంచులు కూడా పోతాయి. సైప్‌లు అనే సన్నటి చీలికలకూ ఇదే పరీక్ష. వాటిలోకి పలచటి లోహపు ఫీలర్ గేజ్ దించి చూడొచ్చు.

పక్కన పెట్టినవి

పూర్తి చలికాలపు టైర్లను ఏడాదంతా వాడతామన్న ఆలోచన మొదట్లోనే వదిలేశాం. వాటి రబ్బరు చలికి తగినట్టు మెత్తగా ఉంటుంది. వేడి రోడ్డు మీద బ్లాకులు అటూ ఇటూ వంగుతాయి, బ్రేకింగ్ దూరం పెరుగుతుంది, అరుగుదల కూడా త్వరగా ఉంటుంది. ఈ బండి తిరిగే వేసవికి అది ప్రమాదమే.

వేసవి టైర్లు ఒక సెట్టు, చలికాలపు టైర్లు ఇంకో సెట్టు అనేది సాంకేతికంగా అన్నిటికంటే మంచి పద్ధతి. మంచు వారాల తరబడి నిలిచే చోట, పొద్దున్నే ఐసు మీద వాలు దిగాల్సిన చోట మేం దానికే ఓటు వేస్తాం. పది రోజుల కోసం రెండో సెట్టు రిమ్ములు, సెన్సర్లు, దాచుకునే చోటు, ఏడాదికి రెండుసార్లు మార్పిడి అవసరమనిపించలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. వేసవి టైర్ల రబ్బరు 7 డిగ్రీల కిందికి దిగితే గట్టిపడుతుంది. అప్పుడప్పుడూ వచ్చే మంచు ముందు చెప్పి రాదు. మార్పిడికి ఒక వారం ఆలస్యమైతే ఆ వారమే బండి తప్పు టైర్ల మీద ఉంటుంది.

ఆల్ టెరైన్ టైర్లు యజమానికి చూడ్డానికి నచ్చాయి. కొన్నిటికి కొండ గుర్తు కూడా ఉంది, వదులు మంచులో బాగానే లాగుతాయి. కానీ పెద్ద బ్లాకుల మధ్య పెద్ద ఖాళీలు ఉండటం వల్ల తారు రోడ్డును ఆనే రబ్బరు తగ్గుతుంది, తడిలో బ్రేకింగ్ దూరం పెరుగుతుంది. మట్టి దారుల్లో వెళ్లని బండికి ఈ మూల్యం ఎందుకు చెల్లించాలి? లైట్ ట్రక్ రకం టైర్లకు సంగతి ఇంకా తేలిక. బరువులు మోయని ఈ బండికి వాటి గట్టి కట్టుబడి పనికిరాదు.

కంపెనీ బిగించిన టైరునే మళ్లీ వేద్దామన్న మాట కూడా వచ్చింది. కొత్త బండితో వచ్చే టైర్లను చాలావరకు ఇంధనం ఆదాకు, నిశ్శబ్దానికి మొగ్గేలా చేయిస్తారు. దీనికి కొండ గుర్తు లేదు కాబట్టి అర్హత గీత దగ్గరే ఆగిపోయింది.

మిగిలింది ఆల్ వెదర్ రకం. ఏడాదంతా ఉంచుకోగలిగి, కొండ గుర్తు కూడా ఉన్న టైర్లు. మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2, గుడ్‌ఇయర్ అష్యూరెన్స్ వెదర్‌రెడీ లాంటివి ఈ కోవలోవే. ఆల్ సీజన్, ఆల్ వెదర్ అనే మాటలు అమ్మకపు మాటలు, వాటికి చట్టపరమైన నిర్వచనం లేదు. పేరు ఏమున్నా పక్కభాగం మీద కొండ బొమ్మ ఉందా లేదా అన్నదే చూడాలి.

ఈ సైజులో దొరికిన వాటిలో చివరికి రెండు మిగిలాయి. మొదటిది మంచు మీద కాస్త మెరుగు. సైప్‌లు దట్టంగా ఉన్నాయి, తడి పట్టు గ్రేడు ఒక మెట్టు తక్కువ, అడ్డ గాడులు సగం లోతే. రెండోదానికి తడి పట్టు గ్రేడు ఎక్కువ, మధ్య నుంచి భుజాల దాకా బాణం ఆకారంలో గాడులు తెరుచుకుని ఉన్నాయి, అడ్డ గాడులు దాదాపు పూర్తి లోతు. రెండూ అర్హత గీత దాటాయి కాబట్టి, పది రోజుల మంచులో మొదటిదానికి ఉన్న చిన్న మొగ్గు కోసం వంద రోజుల వానలో రెండోదాని పెద్ద మొగ్గును వదులుకోవడం సరికాదనిపించింది. రెండోదాన్నే ఎంచాం.

సైజు, లోడు

యజమాని 255/55 ఆర్18 వెడల్పు టైరు వేయొచ్చా అని అడిగారు. మొత్తం వ్యాసం లెక్క వేస్తే పాతది 739 మి.మీ., ఇది 738. స్పీడోమీటర్‌కు ఇబ్బంది లేదు. నీటికి మాత్రం ఉంది. వెడల్పు పెరిగితే తోయాల్సిన నీరు పెరుగుతుంది, ముందు చెప్పిన 15 లీటర్లు 16 దాటతాయి. అదే బరువు ఎక్కువ వెడల్పు మీద పరుచుకుంటుంది కాబట్టి నీటి పొరనూ, మంచునూ కోసుకుని కిందికి దిగడం కష్టమవుతుంది. తడికీ మంచుకీ కంపెనీ సైజు గానీ, అనుమతిస్తే దానికంటే సన్నటిది గానీ మంచిది. 17 అంగుళాల రిమ్ముతో 235/65 ఆర్17 వేస్తే వ్యాసం 737 వస్తుంది, పక్కభాగం ఎత్తు పెరిగి గుంతల్లో కూడా మెత్తగా ఉంటుంది. అయితే బ్రేక్ క్యాలిపర్‌కు రిమ్ము తగలకుండా చోటుందో లేదో బిగించి చూసుకోవాలి. రిమ్ములు మార్చే అవసరం లేదు కాబట్టి ఇక్కడ పాత సైజుకే కట్టుబడ్డాం.

లోడ్ సూచిక 103 అంటే ఒక్కో టైరు 875 కిలోలు. దీనికంటే కిందికి దిగకూడదు. వేగ సూచిక హెచ్ అంటే గంటకు 210 కి.మీ., అదీ అలాగే ఉంచాం. ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) అని ఉన్న టైరు తీసుకుంటే మాత్రం తయారీదారు లోడ్ పట్టిక చూసి గాలి నిర్ణయించుకోవాలి. ఎక్స్‌ఎల్ టైరు తన అదనపు బరువును అదనపు గాలితోనే మోస్తుంది.

బిగింపు

నాలుగు టైర్ల డాట్ కోడ్‌లు డెలివరీ అప్పుడే చూశాం. అన్నీ ఏడాది లోపువి, ఒకదానికొకటి కొన్ని వారాల తేడాలోనే ఉన్నాయి. బాణం గుర్తున్న టైర్లు కాబట్టి బాణం ముందుకు తిరిగే దిశలో ఉండాలి. తిరగేసి బిగిస్తే గాడులు నీటిని బయటికి పంపాల్సింది పోయి మధ్యలోకి పోగుచేస్తాయి. ఇది అరుదైన పొరపాటేమీ కాదు. బండి షాపు దాటకముందే నాలుగు వైపులా నడిచి బాణాలు చూసుకోవాలి. గాలి సెన్సర్ల వాల్వ్ కోర్, సీలు, నట్టు కొత్తవి వేశాం. పాత సీలు వదిలేస్తే చలికాలంలో అక్కడినుంచే గాలి కారుతుంది.

వీల్ నట్లను నక్షత్రం వరుసలో, టార్క్ రెంచ్‌తో, మాన్యువల్ చెప్పిన 108 న్యూటన్ మీటర్లకు బిగించాం. 80 నుంచి 100 కి.మీ. తిరిగాక మళ్లీ చూడమన్నాం. ఎయిర్ గన్‌తో గుడ్డిగా బిగించిన నట్లు డిస్కును వంకర చేస్తాయి. రోడ్డు మీద పంక్చరైనప్పుడు ఊడి రానూ రావు. గాలి చల్లటి టైరులో 35 ఉండాలి. షాపు లోపల 22 డిగ్రీలు, బయట 6 ఉన్నాయి. అంటే లోపల 35 కొడితే బయటికి వెళ్లి చల్లారాక అది 32 అవుతుంది. అందుకని లోపల 38 కొట్టి, మర్నాడు పొద్దున బయట చూసి 35కి సరిచేశాం. చలికాలంలో లోపల టైర్లు మార్చే ప్రతి షాపులోనూ ఈ మూడు పీఎస్ఐ లెక్క తప్పుతుంటుంది.

అచ్చులో అంటుకోకుండా పూసిన పదార్థం కొత్త ట్రెడ్ మీద పలచగా ఉంటుంది. మొదటి 300 నుంచి 500 కి.మీ. వరకు వానలో గట్టి బ్రేకులు, వేగంగా మలుపులు వద్దని చెప్పాం.

ఒకవేళ రెండు టైర్లే కొనాల్సి వస్తే కొత్తవి వెనకే వేయాలి, ముందు చక్రాలు లాగే బండికైనా సరే. ముందు టైర్లు నీటిలో పట్టు తప్పితే బండి నేరుగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే తేరుకుంటుంది. వెనకవి తప్పితే బండి గిర్రున తిరుగుతుంది.

తర్వాత వచ్చిన మాటలు

90 దగ్గర తేలికైపోవడం పోయింది. యజమాని దాన్ని కొత్త టైర్ల గొప్పగా చెప్పారు. 28 నుంచి 35కి వచ్చిన గాలికి, సరైన టోకు కూడా అందులో వాటా ఉంది. బుష్, అలైన్‌మెంట్ వదిలేసి టైర్లు మాత్రమే మార్చి ఉంటే ఫలితం ఏడాది కూడా నిలవదు.

3,000 కి.మీ. దగ్గర రెండు ఫిర్యాదులు వచ్చాయి. స్టీరింగ్ పాత టైర్లంత చురుగ్గా లేదు, 60 దాటితే సన్నటి మోత వస్తోంది. మొదటిది ఊహించిందే. లోతైన, సైప్‌లున్న కొత్త బ్లాకులు కొంచెం వంగుతాయి. అరిగే కొద్దీ తగ్గుతుంది. గాలి ఎక్కువ కొట్టి దాన్ని సరిచేయాలని చూడొద్దు, మధ్యభాగం త్వరగా అరుగుతుంది. మోతను మాత్రం తేలిగ్గా తీసుకోలేదు. బాణం ఆకారపు ట్రెడ్‌లో భుజం బ్లాకులు రంపంలా అరగడం మొదలైతే మోత పెరుగుతూనే ఉంటుంది. అరచేతి పరీక్షలో అప్పటికి ఏమీ తగల్లేదు. అందుకే రొటేషన్‌ను 10,000 బదులు 8,000 కి.మీ.కు జరిపాం. ఈ టైర్లను ఒకే వైపు ముందు వెనక మాత్రమే మార్చాలి. అడ్డంగా మారిస్తే బాణం తిరగబడుతుంది.

మంచు రోజుల కోసం రెండు మాటలు చెప్పాం. కొండ గుర్తున్నా, గొలుసులు తప్పనిసరి అని బోర్డు పెట్టిన కొండ దారుల్లో ఆ మాటే చెల్లుతుంది. గొలుసులు కొనేముందు చక్రానికీ సస్పెన్షన్‌కూ మధ్య ఎంత చోటుందో, ఏ చక్రాలకు వేయాలో మాన్యువల్‌లో చూడాలి, ఇంట్లోనే ఒకసారి తొడిగి చూసుకోవాలి. స్టెప్నీ చిన్న సైజుదైతే దాని మీద రాసిన వేగం దాటకూడదు. నాలుగు చక్రాల లాగుడున్న బండిలో దాంతో దూరం పోకూడదు.

8,000 కి.మీ. రొటేషన్ దగ్గర కొలతలు: కొత్తప్పుడు 8.2 మి.మీ., ఇప్పుడు ముందు 7.3, వెనక 7.6, అడ్డంగా తేడా 0.2 లోపే. లోపలి అంచు ప్రత్యేకంగా అరగడం లేదు. ముందూ వెనకా మార్చుకుంటూ పోతే సగటున 10,000 కి.మీ.కు 1 మి.మీ. కాస్త ఇటుగా పోతుంది. ఈ టైర్లకు మేం పెట్టిన ఆఖరి గీత చట్టపు 1.6 కాదు, 4 మి.మీ. మంచు మీద పట్టు అక్కడినుంచి బాగా పడిపోతుంది. ఆస్ట్రియాలో చలికాలపు టైరుగా చెల్లాలంటే కావాల్సిన కనీస లోతు కూడా ఇదే. పై లెక్కన సుమారు 45,000 కి.మీ. దగ్గర, అంటే మూడేళ్లకు కాస్త ముందు ఆ గీత వస్తుంది. అది చలికాలం ముందు వస్తే అప్పుడే మార్చాలి. చలికాలం అయిపోయాక వస్తే ఎండాకాలం వాడుకుని, వానలు మొదలయ్యేలోపు, 3 మి.మీ. తగలకముందే దించేయాలి. ఆ తేదీలను యజమాని సర్వీసు పుస్తకంలో రాసి ఇచ్చాం.